ఖాతా మారితే డబ్బిస్తామంటున్నారు: ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు

నెలాఖరు దగ్గరపడితే బెంగళూరు టెక్ పార్కుల్లో ఫుడ్ కోర్టుల ముందు బ్యాంకుల టేబుళ్లు వెలుస్తాయి. వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఆ టేబుళ్ల వెనక టై కట్టుకుని నిలబడే కుర్రాళ్లలో అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. మన నోట తెలుగు వినబడితే చాలు, "అన్నా, మంత్ ఎండ్ అన్నా, ఒక్క అకౌంట్ అన్నా, వోచర్ కూడా వస్తాది" అంటూ వెంట వస్తారు. ఇంకోపక్క ఇంగ్లండ్‌లో ఉన్న బావమరిదో పిన్ని కొడుకో ఫోన్ చేసి, బ్యాంకు మారినందుకు 175 పౌండ్లు పడ్డాయని, త్వరలో ఇంకో బ్యాంకుకు మారబోతున్నానని చెబుతాడు. అది విన్న పెద్దవాళ్ల మాట ఒకటే: "ఊరికే ఎవడిస్తాడ్రా డబ్బు?"

మంచి ప్రశ్నే. ఊరికే ఎవరూ ఇవ్వరు. అందుకే ఏ ఆఫర్‌లో ఎంత మిగులుతుందో లెక్కేసే ముందు రెండు సంగతులు చూడాలంటాను. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? అది నా చేతికి రావడానికి ఎవరి నమ్మకాన్ని వాడుకుంటున్నాను? పైకి ఒకేలా కనబడే ఆఫర్లు ఈ రెండు ప్రశ్నల దగ్గర విడిపోతాయి. కొన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. కొన్నిటికి ఒక మాట బయటికి చెప్పి తీసుకోవాలి. ఒకటి మాత్రం పోలీస్ స్టేషన్ దాకా తీసుకెళ్తుంది.

ఇంగ్లండ్ బోనస్: నేరుగా నగదు

అక్కడ 2013 సెప్టెంబరులో కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ అని ఒకటి మొదలుపెట్టారు. కొత్త బ్యాంకుకు ఒక్క మాట చెబితే ఏడు పనిదినాల్లో జీతం, కరెంటు బిల్లు, అద్దె అన్నీ కొత్త ఖాతాకు మారిపోతాయి. పాతదాన్ని వాళ్లే మూసేస్తారు. ఎవరైనా పొరపాటున పాత నంబరుకు డబ్బు వేసినా మూడేళ్ల పాటు అది కొత్త ఖాతాకే చేరుతుంది. ఇంత సులువు చేసినా జనం కదల్లేదు. ఏడాదికి నూటికి ముగ్గురే బ్యాంకు మారుతున్నారని 2016లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ తేల్చింది. కదలని జనాన్ని కదిలించడానికే బ్యాంకులు 100 నుంచి 200 పౌండ్ల దాకా బోనస్ ఇస్తున్నాయి.

మరి ఆ డబ్బు ఎక్కడిది? అక్కడి మామూలు ఖాతాలకు నెలవారీ ఫీజు ఉండదు, చాలావాటికి వడ్డీ కూడా ఉండదు. వేల పౌండ్లు వడ్డీ లేకుండా వదిలేసే పెద్దవయసు వాళ్ల వల్ల, జీతం చాలక ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకుని బ్యాంకుకు అప్పుపడటం) వెళ్లేవాళ్ల వల్ల బ్యాంకుకు ఆదాయం. 2020 ఏప్రిల్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ మీద రోజువారీ ఫీజులు నిషేధిస్తే, పెద్ద బ్యాంకులు చాలావరకు 40 శాతం దగ్గర వడ్డీ పెట్టాయి. అంటే చురుగ్గా మారేవాడికి వచ్చే బోనస్‌లో, కదలనివాడి డబ్బు, కష్టంలో ఉన్నవాడి డబ్బు కొంత ఉన్నట్టే.

ఇది విని కొందరికి మనసు ఒప్పదు. ఒప్పకపోవడంలో తప్పేమీ లేదు. కానీ నేను బోనస్ వద్దన్నంత మాత్రాన ఆ 175 పౌండ్లు ఓవర్‌డ్రాఫ్ట్ కట్టే ఆమెకు వెళ్లవు. ఇంకో ప్రకటనకు వెళతాయి. అందుకని బ్యాంకు పెట్టిన షరతుల ప్రకారం నడిచి బోనస్ తీసుకోవడం తప్పు కాదనే నా అభిప్రాయం. అంతగా మనసు పీకితే అందులో కొంత ఎవరికైనా ఇవ్వండి. ఇంకా మంచి పని ఒకటుంది. పక్కింటి ముసలాయన డబ్బు వడ్డీ లేకుండా పడి ఉంటే, అదే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిపించండి.

మళ్లీ మళ్లీ మారడం సంగతి? బ్యాంకులు అమాయకులేం కావు. కొత్తవాళ్లకే ఇస్తామని, ఫలానా తేదీ తర్వాత మా దగ్గర బోనస్ తీసుకున్నవాళ్లకు ఇవ్వమని ముందే రాసి పెడతాయి. కొందరు మారడం కోసమే పక్కన ఇంకో ఖాతా తెరిచి, అసలు ఖాతాను కదపకుండా ఆ రెండోదాన్ని మారుస్తూ ఉంటారు. అదీ బ్యాంకులకు తెలుసు. నెలకు 1,500 పౌండ్లు ఖాతాలోకి రావాలని షరతు ఉంటే, సొంత డబ్బే ఇటు వేసి అటు తీయడం షరతు తప్పినట్టు కాదు. జీతమే పడాలని రాసి ఉన్నచోట సొంత డబ్బు పంపి దానికి జీతమని పేరు పెడితే మాత్రం అది అబద్ధమే.

వీటన్నిటికంటే నాకు ఎబ్బెట్టుగా కనబడేది వేరే ఉంది. రెండు డైరెక్ట్ డెబిట్లు (ఖాతాలోంచి వాటంతటవే పోయే చెల్లింపులు) ఉండాలన్న షరతు కోసం కొందరు ఏదో ధర్మసంస్థకు నెలకు ఒక పౌండు చొప్పున మొదలుపెట్టి, బోనస్ పడగానే ఆపేస్తారు. దాతను నమోదు చేయడానికి, ఉత్తరం పంపడానికి ఆ సంస్థకు అయ్యే ఖర్చు ఒక పౌండుతో పోదు. బ్యాంకు షరతు నెరవేరుతుంది, దెబ్బ మాత్రం ఏ సంబంధమూ లేని సంస్థకు తగులుతుంది. ఫోన్ బిల్లు ఉంటుంది కదా, దాన్నే పెట్టుకోవచ్చు.

ఆచరణలో ఒక జాగ్రత్త. ఖాతా తెరిచేటప్పుడు చాలా బ్యాంకులు క్రెడిట్ రికార్డు చూస్తాయి, ఆ చూసిన గుర్తు రికార్డులో మిగులుతుంది. ఇల్లు కొనడానికి అప్పు కోసం వెళ్లబోయేవాళ్లు కొన్ని నెలల ముందే ఈ ఆటలు ఆపాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇలాంటి మార్పిడి వ్యవస్థ లేదు. అన్నీ ఎవరికి వాళ్లే మార్చుకోవాలి. బోనస్ మాత్రం అక్కడా ఉంది, దాన్ని వడ్డీ కింద లెక్కగట్టి ఏడాది ముగిశాక 1099 ఫారం పంపుతారు. పన్ను రిటర్నులో చూపించకపోతే అది నైతిక సమస్య కాదు, నేరుగా పన్ను ఎగవేతే.

మన దగ్గర ఇవ్వరెందుకు?

బెంగళూరులో ఏ బ్యాంకూ "మా దగ్గరికి మారండి, 15,000 రూపాయలు వేస్తాం" అనదు. రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు కాబట్టి. డిపాజిట్ల మీద వడ్డీ గురించి 2016లో ఇచ్చిన ఆదేశాల్లో, డిపాజిట్లు రాబట్టడానికి లాటరీలు, బహుమతులు, విహారయాత్రలు పెట్టకూడదని ఉంది. డిపాజిటర్‌కు ఇవ్వగలిగింది 250 రూపాయలు దాటని చిన్న కానుక. గోడ క్యాలెండరు, పెన్ను, మహా అయితే ఒక స్టీలు డబ్బా అన్నమాట. పోటీ పడాలంటే వడ్డీతో పడాలి. 2011 అక్టోబరులో సేవింగ్స్ వడ్డీ మీద నియంత్రణ ఎత్తేసింది కూడా అందుకే. కొన్ని కొత్త ప్రైవేటు బ్యాంకులు వెంటనే 6 శాతం దాకా ఇచ్చాయి. పెద్ద బ్యాంకులు ఇప్పుడు 2.5 శాతం దగ్గర కూర్చున్నాయి.

దాంతో తాయిలం రూపం మార్చుకుని వస్తుంది. కార్డు వాడితే వోచర్, లాకర్ అద్దెలో తగ్గింపు, విమానాశ్రయం లాంజ్, గృహరుణం వడ్డీలో కాస్త కోత, ప్రమాద బీమా.

ఇవన్నీ దండిగా దొరికేది జీతం ఖాతాలో. కంపెనీ రెండు మూడు బ్యాంకులతో ఒప్పందం పెట్టుకుని, చేరిన రోజే ఏది కావాలో టిక్ పెట్టమంటుంది. ఇక్కడ నైతికంగా తలబద్దలు కొట్టుకోవాల్సింది ఏమీ లేదు. మీ జీతం డబ్బు కొన్ని రోజులు వాడుకుంటారు, బదులుగా కొన్ని సౌకర్యాలు ఇస్తారు. పోల్చుకోవాల్సినవి వేరే. వోచర్ల జోలికి పోకుండా ప్రమాద బీమా ఎంత, అది దక్కాలంటే కార్డుతో నిర్ణీత గడువులో లావాదేవీ జరిగి ఉండాలా, నామినీ పేరు నమోదైందా అని అడగండి. ఇంట్లోవాళ్లకు ఆ బీమా ఉందన్న సంగతే తెలియకపోతే, ఉండీ లేనట్టే. ఉద్యోగం మానేసి కొన్ని నెలలు జీతం పడకపోతే ఇది మామూలు సేవింగ్స్ ఖాతా అయిపోతుంది, మినిమమ్ బ్యాలెన్స్ నియమం అప్పుడు మొదలవుతుంది. లేఆఫ్‌లు నడుస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

వడ్డీ తేడా కోసం మారాలా? లెక్క చూడండి. ఏడాది పొడవునా సగటున లక్ష రూపాయలు ఖాతాలో ఉంటే 2.5 శాతానికి 2,500, 5 శాతానికి 5,000 వస్తాయి. తేడా 2,500. బాగానే ఉంది. కానీ బెంగళూరులో అద్దె, ఈఎంఐ, స్కూలు ఫీజు పోయాక నెల మధ్యకు మిగిలేది ఎంత? సగటు 30,000 అనుకుంటే ఏడాదికి తేడా 750 రూపాయలు. దానికోసం ఆటోపేలన్నీ మార్చుకునే తలనొప్పి అక్కర్లేదు. మిగులు ఎక్కువగా ఉంటే స్వీప్ సౌకర్యం (మిగులు డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మారడం) పెట్టించుకోండి, ఖాతా మార్చకుండానే సగం పని అయిపోతుంది.

ఇక విశ్వాసం మాట. "ముప్పయ్యేళ్లుగా ఒకే బ్యాంకు, ఇప్పుడు మారడం ఏం మర్యాద?" అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకుముందే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ ఎస్‌బీఐలో కలిశాయి. ఇక్కడి విజయా బ్యాంకు బరోడా బ్యాంకులోకి వెళ్లింది. ఖాతాదారును ఎవరూ అడగలేదు, చెక్కుబుక్కు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మార్చుకోమని కబురు వచ్చిందంతే. పేరు తెలిసి పలకరించే మేనేజరు మీద అభిమానం వేరు, అది ఉండాల్సిందే. సంస్థకు మీరు బాకీ ఉన్నదేమీ లేదు.

రిఫరల్ డబ్బు: అసలు చిక్కు ఇక్కడే

పై రెండిట్లోనూ డబ్బు బ్యాంకుకూ మీకూ మధ్య ఉంటుంది. రిఫరల్‌లో, అంటే మన లింకుతో ఇంకొకరు తెరిస్తే మనకు డబ్బొచ్చే పద్ధతిలో, మధ్యలోకి మనవాళ్లు వస్తారు. ఖాతా, క్రెడిట్ కార్డు, డీమ్యాట్, ఏదైనా కావచ్చు. "నా లింకుతో తెరువు, చాలా బాగుంటుంది" అని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే మేనత్త కొడుకు నొక్కుతాడు. అతను నొక్కింది బ్యాంకును చూసి కాదు, మిమ్మల్ని చూసి. బ్యాంకు 500 రూపాయలు ఇచ్చి కొనుక్కున్నది ఆ నమ్మకాన్ని.

తీసుకోవద్దని నేను అనను. రెండు హద్దులు పెట్టుకోమంటాను. రూపాయి రాకపోయినా ఇదే ఖాతా తెరవమని చెప్పేవాణ్నా? అవునంటేనే లింకు పంపాలి. పంపేటప్పుడే "దీంట్లో నాకు ఇంత వస్తుంది, నీకు ఇంత వస్తుంది" అని రాయాలి. ఒక్క వాక్యం. దాన్ని రాయడానికి చెయ్యి ఆడకపోతే ఆ లింకు పంపకపోవడమే మేలు. రాశాక చాలామంది ఏమీ అనుకోరు, కొందరైతే "సరే, పార్టీ నీదే" అంటారు.

ఎవరికి పంపుతున్నామన్నదీ ముఖ్యం. కొత్తగా ఉద్యోగంలో చేరి మారతహళ్లి పీజీలో ఉంటున్న తమ్ముడికి 10,000 మినిమమ్ బ్యాలెన్స్ ఖాతా అంటగడితే, మూడో వారం నుంచి అతనికి పెనాల్టీలు. మీకొచ్చిన 500 అతని జేబులోంచి బ్యాంకు తిరిగి రాబట్టుకున్నట్టే. పైగా నియమాలు చేరినప్పుడు ఉన్నట్టే ఉండవు. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు నగరాల్లో కొత్త ఖాతాలకు మినిమమ్ బ్యాలెన్స్‌ను 50,000 చేసి, గోల రేగాక 15,000కు దించింది. అలాంటివాళ్లకు బేసిక్ సేవింగ్స్ ఖాతా చూపించండి. ఏ బ్యాంకైనా ఇవ్వాల్సిందే, మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు. మీకు రిఫరల్ డబ్బులూ ఉండవు, అది వేరే సంగతి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేరు మీద రిఫరల్ కోసం ఖాతా తెరవడం నాకు అస్సలు నచ్చదు. ఓటీపీ మనమే అడిగి తీసుకుంటాం, ఈమెయిల్ మనదే ఇస్తాం, రెండేళ్ల తర్వాత ఆ ఖాతా ఉందని వాళ్లకే గుర్తుండదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణంలోకి పోతుంది. పదేళ్లు దాటితే అందులో డబ్బు రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి వెళుతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ ఎవరు తిరుగుతారు?

ఇప్పుడు ఆ మంత్ ఎండ్ కుర్రాడి దగ్గరకు వద్దాం. అతనికి సాయం చేయడానికి ఖాతా తెరవాలా? అతని టార్గెట్ టెన్షన్ నిజమే. జాలి చూపడమూ తప్పు కాదు. కానీ తెరిచి, డబ్బు వేయకుండా వదిలేస్తే చాలాచోట్ల అది అతని లెక్కలోకి రాదు, మీకు మాత్రం ఇంకో కేవైసీ తలనొప్పి మిగులుతుంది. నిజంగా వాడుకునే ఖాతా అయితే అతని చేతుల మీదుగానే తెరవండి. కాకపోతే "వద్దు తమ్ముడూ" అని అప్పుడే చెప్పేయండి. రేపు, ఎల్లుండి అని తిప్పడం వాడికి నష్టం. తెరిచేటప్పుడు ఫారాల మధ్యలో బీమా పాలసీ ఏదైనా కలిపారా చూసుకోండి. సంతకం అయిపోయినా, పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఎక్కువ వడ్డీ చూపే చిన్న బ్యాంకు

ఇది ధర్మాధర్మాల విషయం కాదు, జాగ్రత్త విషయం. చిన్న ఫైనాన్స్ బ్యాంకులు, సహకార బ్యాంకులు అర శాతమో, ఒక శాతమో ఎక్కువ ఇస్తాయి. బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు డిపాజిటర్లు తీసుకోగలిగింది 35,000 రూపాయలే. ఆ వరుసలో నిలబడినవాళ్లలో రిటైరైనవాళ్లు ఎక్కువ. అప్పటికి డిపాజిట్ బీమా లక్ష రూపాయలు, తర్వాతి నెల 4వ తేదీ నుంచి 5 లక్షలైంది. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి, అసలు వడ్డీ కలిపి 5 లక్షలు. ఆ గీతకు లోపలే ఉంటే ఎక్కువ వడ్డీ తీసుకోండి. బీమా డబ్బు కూడా మర్నాడే రాదు కాబట్టి నెల ఖర్చుల సొమ్ము అక్కడ పెట్టకండి.

ఖాతా అద్దెకు

"మీ ఖాతా వారం రోజులు వాడుకుంటాం, 5,000 ఇస్తాం" అని పీజీల్లో పిల్లలకు మెసేజ్‌లు వస్తుంటాయి. గేమింగ్ కంపెనీ అంటారు, క్రిప్టో అంటారు, జీఎస్టీ ఇబ్బంది అంటారు. పాస్‌బుక్, కార్డు, సిమ్ మూడూ అడుగుతారు. ఆ ఖాతా గుండా పోయేది సైబర్ మోసంలో ఎవరో పెద్దాయన పోగొట్టుకున్న పింఛను డబ్బు. ఇలాంటి ఖాతాలను పట్టుకోవడానికి బెంగళూరులోనే ఉన్న రిజర్వ్ బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే వ్యవస్థను తయారుచేసింది, 2024 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు దాన్ని ప్రకటించింది. ఖాతా అద్దెకిచ్చినవాడు నాకేం తెలియదన్నా పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వెంటనే బ్యాంకులో చెప్పి ఖాతా ఆపించండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మారాలనే తేల్చుకుంటే

ఇంగ్లండ్‌లోలా ఇక్కడ ఒక్క ఫారంతో అన్నీ మారవు. ఖాతా నంబరును వెంట తీసుకెళ్లే పద్ధతి రావాలని 2017లోనే రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరు ఒకరు అన్నారు, అది మాటగానే మిగిలింది. కాబట్టి పాత ఖాతాను మూడు నెలలు బతికే ఉంచండి. ఆ మూడు నెలల స్టేట్‌మెంట్ ముందేసుకుని ఏయే ఈఎంఐ, సిప్, ఎల్ఐసీ ప్రీమియం, ఓటీటీ ఆటోపే పోతున్నాయో చూసి ఒక్కొక్కటే మార్చండి. ఈఎంఐ ఒక్కటి తప్పినా క్రెడిట్ స్కోరు మీద పడుతుంది, ఏ వోచరూ దాన్ని పూడ్చదు. పీఎఫ్‌లో బ్యాంకు వివరాలు, ఆదాయపన్ను పోర్టల్‌లో రీఫండ్ ఖాతా కూడా మార్చాలి. చాలా బ్యాంకులు ఏడాది తిరక్కుండా మూస్తే రుసుము తీసుకుంటాయి, తారీఖు చూసుకోండి.

ఊళ్లో ఉన్నవాళ్ల ఖాతా అయితే ఆధార్ దగ్గర ఇంకో మెలిక ఉంది. గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్ లాంటివి ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా అనుసంధానమైందో దాంట్లోకే పోతాయి. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో సబ్సిడీల కోసం ఆధార్ అనుసంధానం చేయమనే గడిలో టిక్ పెడితే నాన్నగారి కిసాన్ డబ్బులు ఆయన పాత పాస్‌బుక్కులో కనబడవు, ఆయన మండల ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు. ఆ గడిని ఖాళీగా వదలండి. ఇప్పటికే టిక్ పెట్టేసి ఉంటే ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంకు అనుసంధానం ఏదో చూసి, పాత బ్యాంకు శాఖలో మళ్లీ సీడింగ్ (ఆధార్ అనుసంధానం) ఫారం ఇవ్వండి.